పాళీ మారినా కలం మారదు

చిన్నప్పుడు పాళీ అరిగితే పళ్లతో పట్టి లాగేవాళ్లం. పెదాలు నీలమయ్యేవి, పాళీ వంకరపోయేది. పాత అమెరికన్ కలం ఎస్టర్‌బ్రూక్ జె కి ఆ తిప్పలు లేవు. రెండు వేళ్లతో పట్టి ఎడమవైపు తిప్పితే పాళీ, దాని అడుగున సిరా అందించే ఫీడ్‌తో సహా, మరమేకులా ఊడి వస్తుంది. ఇంకొకటి బిగిస్తే అదే కలం రాసే తీరే మారిపోతుంది.

ఈ ఉపాయం ఈ కలం కంటే పాతది. 1858లో రిచర్డ్ ఎస్టర్‌బ్రూక్ మొదలుపెట్టిన ఈ సంస్థ, న్యూజెర్సీలోని కామ్డెన్‌లో దశాబ్దాలపాటు ఉక్కు పాళీలు చేసింది. అవి సిరాబుడ్డిలో ముంచి రాసే కలాలకు. అక్కడ చేత్తో పట్టుకునే పుల్ల ఉండిపోతుంది, పాళీ మారిపోతుంది. ఫౌంటెన్ పెన్నులు చేయడం మొదలెట్టాక కూడా ఆ అలవాటు పోలేదు. ఖరీదైన కలాలు బంగారు పాళీని చూపించి మురిసిపోతుంటే, ఎస్టర్‌బ్రూక్ మాత్రం ఉక్కు అరుగుతుందని ముందే ఒప్పుకుని, మార్చుకునే దారి పెట్టింది.

అసలు పనితనం పాళీ మీది నాలుగంకెల సంఖ్యలో ఉంది. 1తోనో 2తోనో మొదలైతే, ఉక్కు కొసనే మడిచి గుండ్రం చేశారని అర్థం. అది చవక రకం. 9తో మొదలైతే, కొసన గట్టి లోహపు గింజ అతికించారన్నమాట. 1555 షార్ట్‌హ్యాండ్ రాసేవాళ్లకు, 9550 ఖాతా పుస్తకాల సన్నటి అంకెలకు, 9668 మామూలు రాతకు.

మిగతా కలమూ అంత సూటిగానే ఉంటుంది. ముత్యపు మెరుపున్న ప్లాస్టిక్ ఒళ్లు, చివరల్లో నల్లటి బొడిపెలు. క్లిప్పూ మీటా స్టెయిన్‌లెస్ స్టీలువి. పూత లేదు కనుక వెలిసేదీ లేదు. మీట ఎత్తితే లోపలి లోహపు బద్ద రబ్బరు తిత్తిని నొక్కుతుంది, వదిలితే తిత్తి సిరా పీల్చుకుంటుంది. ఏళ్లు గడిచి చెడేది సాధారణంగా ఆ తిత్తే. లక్కతో కొత్తది అంటిస్తే కలం మళ్లీ రాస్తుంది.

అందుకే కొత్తగా సేకరించేవాళ్లకు ఇది అందుబాటులో ఉండే కలం. తమాషా ఏమిటంటే, ఒత్తితే వంగే 9128 లాంటి పాళీ ఒక్కోసారి కలం కంటే ఎక్కువ ధర పలుకుతుంది. సిరాబుడ్డి కాలం నాటి లెక్కే అది: విలువంతా పాళీది, మిగిలింది పుల్ల.