తాత సైటుకు కొత్త చొక్కా

మా తాత హోసూరు పక్క పల్లెల్లో తెలుగు అయ్యవారుగా పనిచేసి రిటైర్ అయినారు. ఆయనకు సొంత వెబ్‌సైటు ఒకటి ఉంది. మా వైపు మాటలు, సామెతలు, రాగుల కళ్లం పనులు, పాత బడుల సంగతులు అన్నీ అందులో రాసిపెట్టినారు. ఈ వేసవి సెలవుల్లో, బెంగళూరులో ఉద్యోగం చేసే మా పెద్దన్న దాన్ని మొత్తం మార్చి కొత్తగా తయారుచేసినాడు. ఇంట్లో అందరూ "బ్రహ్మాండంగా ఉండాది" అన్నారు. చూసినప్పుడు నేనూ అట్లనే అన్నాను. తరవాత కూర్చుని చదివినాను. అప్పుడు తోచిందే ఇక్కడ రాస్తున్నాను. అన్న కూడా ఈ పత్రిక చదువుతాడు, అందుకని జాగ్రత్తగానే రాస్తాను.

ముందు మంచి చెప్పాలి. పాత సైటు ఫోనులో తెరిస్తే అక్షరాలు చీమల్లాగ కనబడేవి. పైగా ఆకుపచ్చ మీద పసుపు రాత, అది తాతకు ఇష్టమని! కొత్త సైటులో పేరాలు ఫోను వెడల్పుకు తామే సర్దుకుంటాయి. ఇంకో పెద్ద పని కూడా జరిగింది. తాత మొదట్లో టైపు చేసిన వ్యాసాలు యూనికోడ్‌లో లేవు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులోనే తెలుగు కనబడేది, లేనిచోట ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వచ్చేవి. గూగుల్‌లో తెలుగు మాట కొట్టి వెతికితే దొరికేవి కావు. అన్న వాటినన్నిటినీ యూనికోడ్‌లోకి మార్చినాడు. బయటికి కనబడని పని ఇది, కానీ అన్నిటికన్నా గొప్ప పని.

కనబడే పనిలోనే నాకు చిక్కు. అన్న తీసుకున్న నమూనా ఇంగ్లీషు కోసం చేసింది. ఇంగ్లీషులో వరుసలు దగ్గరగా ఉన్నా బాధ లేదు. మనకు అట్ల కాదు. "స్త్రీ" అని రాస్తే పైన గుడి దీర్ఘం, కింద త ఒత్తు, దానితో క్రావడి. వరుసల మధ్య చోటు చాలక పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చున్నాయి. శీర్షికలకు మరీ లావు అక్షరాలు పెట్టినాడు. దాంతో థ కడుపులోని చుక్క పూడిపోయి "కథలు" అన్నది "కధలు" లాగ కనిపిస్తుంది. తెలుగు అయ్యవారి సైటులో, అదీ మొదటి పేజీలో! ఈ తప్పు రాసిన పిల్లల చేత తాత ఎన్నిసార్లు దిద్దించి ఉంటారో.

మొదటి పేజీ నిండా ఒక చేను ఫోటో ఉంది. అది గోధుమ చేను. మా వైపు గోధుమ ఎవరు వేస్తారు? రాగులు కదా.

ఇవన్నీ ఒక పూటలో సరిచేయొచ్చు. నాకు నిజంగా బాధ కలిగించింది తేదీలు తీసెయ్యడం. "పాత తేదీలు చూస్తే సైటు చచ్చిపోయినట్టు కనిపిస్తాది" అని అన్న వాదన. కానీ తాత వ్యాసం ఒకదాంట్లో "మన ధర్మపురి జిల్లా" అని ఉంది. హోసూరు కృష్ణగిరి జిల్లాలో ఉందని ఇక్కడ ఆరో తరగతి పిల్లకు కూడా తెలుసు. ఆ జిల్లా ఏర్పడింది 2004లో. తాత ఆ వ్యాసం కాగితం మీద రాసింది 2003లో, సైటులో పెట్టినప్పుడు కింద ఆ సంవత్సరం వేసినారు కూడా. ఇప్పుడది లేదు. తాత పాత శిష్యుడు ఒకాయన ఫోను చేసి, "అయ్యవారూ, జిల్లా పేరు తప్పు పడింది, దిద్దుకోండి" అన్నారు. తాత ఏమీ అనలేదు. ఫోను పెట్టేసి, "నేను తప్పు రాసినట్టు అయిందే" అని మాత్రం నాతో అన్నారు. ఆ రోజు నుంచి కొత్తది ఒక్కటీ టైపు చెయ్యలేదు.

ఇంకొకటి, పేజీల చిరునామాలు అన్నీ మారిపోయినాయి. ఇన్నేళ్లలో ఎవరెవరో దాచుకున్న లింకులు నొక్కితే "పేజీ లేదు" అని వస్తుంది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్ లీ, పేజీ చిరునామా మార్చకుండా నిలపాలని 1998లోనే ఒక వ్యాసం రాసినాడు. తప్పక మార్చాల్సి వస్తే, పాత చిరునామాకు వచ్చినవాళ్లను కొత్తదానికి పంపే ఏర్పాటు కూడా ఉంది. ఇల్లు మారేటప్పుడు పోస్టాఫీసులో చెప్పి వస్తాము కదా, అట్లాంటిదే. అన్నకు ఇది తెలియక కాదు. సైటును కొత్తగా చూసేవాళ్ల కోసం కట్టినాడు. ఒకసారి చదివి మళ్లీ వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఆయన లెక్కలో లేరు.

ఇవన్నీ అన్నకు ఫోనులో చెప్పినాను. కాసేపు కోప్పడినాడు. తరవాత, "తేదీలు ఈ వారమే పెడతాను, వరుసలు దూరం చేస్తాను. చిరునామాలకే టైం పడతాది, పాతవి ఏవేవో నా దగ్గర లేవు" అన్నాడు. తాత దగ్గర ఉన్నాయి. ప్రతి వ్యాసం చిరునామా ఆయన ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకున్నారు. ఆదివారం నుంచి ఆయన చదువుతుంటే నేను టైపు చేస్తున్నాను. ఇప్పటికి 43 అయినాయి.