గొలుసు తగిలించే చోటు

రేగడిలో దిగబడ్డ బండిని ముందుకు లాగుదామని ఎవరూ అనరు. వచ్చిన దారి గట్టిదని తెలుసు, ముందు ఎంత లోతుందో తెలీదు. ట్రాక్టర్ వెనకవైపు నుంచే వస్తుంది, గొలుసూ వెనకే పడుతుంది. అందుకే చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి చుట్టుపక్కల పత్తి, మిర్చి చేలకు తిరిగే థార్లూ బొలెరోలూ ముందు బంపర్ సంగతి ఎలా ఉన్నా వెనక బంపర్‌ను మాత్రం మార్పించుకుంటాయి. ముందుది చూసేవాళ్ల కోసం, వెనకది నడిపేవాడి కోసం.

రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపుకు వెనక నిండు బంపరే లేదు. రెండు పక్కలా రెండు చిన్న ముక్కలు, మధ్యలో ట్రెయిలర్ తగిలించే కొక్కెం, అంతే. లాగుడుకు కావలసింది అక్కడుంది. 2020లో వచ్చిన థార్‌కు కంపెనీ ఇచ్చేది ప్లాస్టిక్ బంపర్. రోడ్డు మీద ఏ లోటూ లేదు. డొంకలో గట్టు తగిలితే మాత్రం క్లిప్పులు ఊడొస్తాయి.

బయట చేయించిన బంపర్లలో మంచిదేదో తెలుసుకోవాలంటే పెయింటు చూడకూడదు, బండి కింద దూరాలి. అందులోనూ కొక్కెం దగ్గర ఆగాలి. నాసి పనిలో కొక్కేన్ని బంపర్ రేకు మీదే వెల్డింగ్ చేసి వదిలేస్తారు. ట్రాక్టర్ ఒక్క గుంజు గుంజిందంటే రేకు పొంగుతుంది, లేదా కొక్కెమే తెగి గొలుసుతో సహా ఎగురుతుంది. అది ఎవరికి తగులుతుందో దేవుడికే తెలియాలి. మంచి చేతి పనిలో కొక్కెం బంపర్‌ది కాదు. మందపాటి ప్లేటు ఒకటి ఛాసిస్ దగ్గర మొదలై, అక్కడ కంపెనీ పెట్టిన రంధ్రాల్లోనే హైటెన్షన్ బోల్టులతో బిగిసి, బంపర్‌కు కోసిన సన్నని చీలికలోంచి చెవిలా బయటికి వస్తుంది. లాగుడంతా ఆ ప్లేటు మీదుగా ఛాసిస్‌కు పోతుంది, బంపర్ రేకుకు ఆ బరువే తెలీదు. ఎడమొకటి, కుడొకటి ఉంటే ఇంకా మేలు, లాగుడును ఛాసిస్ రెండు పట్టీలూ పంచుకుంటాయి. ఛాసిస్ మీద కొత్తగా వెల్డింగ్ పెట్టకుండా పని ముగించడం అసలైన నేర్పు. వేడి తగిలిన చోట ఆ ఉక్కు మునుపటిలా ఉండదు.

తర్వాత చూడవలసింది చివర్లు. చక్రం వెనక ఇనుము ఎంత కిందికి వేలాడితే గట్టు దిగేటప్పుడు అంత గీరుకుంటుంది. థార్ వెనక కోణం 36.8 డిగ్రీలని కంపెనీ లెక్క. బరువైన బాక్సు బంపర్ తగిలించి ఆ కోణాన్ని పాడుచేసుకున్న బళ్లు చాలా ఉన్నాయి. పని తెలిసినవాడు రెండు చివర్లనూ కింది నుంచి పైకి ఏటవాలుగా కోసి మూతేస్తాడు. మూత లేకపోతే లోపల రేగడి మెత్తుకుని ఎండి రాయవుతుంది. అడుగున నీరు పోవడానికి నాలుగు బెజ్జాలు మరిచిపోకూడదు. ఎరువుల కట్టలు మోసే బండికి ఇది మరీ ముఖ్యం. ఒలికిన పొటాష్ చెమ్మతో కలిస్తే ఇనుమును లోపలి నుంచి తినేస్తుంది, రెడ్ ఆక్సైడ్ పైపూత దాన్ని ఆపలేదు.

పైన గళ్ల ప్లేటు వేయించుకున్నవాళ్లు దాన్ని తెగ మెచ్చుకుంటారు. మిర్చి టిక్కీలు ఎక్కించి పట్టా తాడు బిగించేటప్పుడు కాలు మోపడానికి అదే ఆధారం, బురద చెప్పుతో ఎక్కినా జారదు. అదే యజమానులను రెండు నెలలు పోయాక అడగండి, గొణుగుడు మొదలవుతుంది. ముప్పై నలభై కిలోల ఇనుము వెనక ఇరుసు దాటి వేలాడితే స్ప్రింగులు కుంగుతాయి. పార్కింగ్ సెన్సర్ ఊరికే కూస్తుంది. మోకాలి చిప్ప కింద దెబ్బ తగలని ఇల్లుండదు. నంబర్ ప్లేటుకు దీపం పెట్టడం మరిచిపోయే షెడ్లు కూడా తక్కువేం కాదు.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ నిర్దేశాలు దాటి మార్పులు చేయొద్దంటుంది. 2017 డిసెంబర్‌లో కేంద్ర రవాణా శాఖ బుల్‌బార్ల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. 2019 సవరణతో ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, జైలు కూడా పడవచ్చు. అందులో న్యాయం లేకపోలేదు. గట్టి బంపర్ గుద్దిన దెబ్బను తనలో ఇముడ్చుకోదు, నేరుగా ఛాసిస్‌కూ ఎదుటి బండికీ పంచుతుంది. చేనుకీ ఊరికీ మధ్య తిరిగే బండికి ఇది సరే, హైదరాబాద్ హైవే ఎక్కే బండికి నేనైతే చేయించను.

చేయించుకున్నవాళ్లు ఒక పని చేస్తే చాలు. బిగించిన రోజే ప్రతి నట్టు మీదా, పక్క ప్లేటు మీదా కలిసేలా తెల్ల పెయింటుతో ఒక గీత గీయించుకోండి. గట్టిగా లాగించిన ప్రతిసారీ వంగి చూడండి. గీత విరిగి కనిపిస్తే నట్టు తిరిగింది, స్పానర్ తీయాల్సిందే.