రెక్కలు లేని దేవదూత: 'జర్మనేతరం' అనే ముద్ర, సంఘం

జర్మన్ భాషలో 'ఉన్‌డాయిచ్' అంటే జర్మన్ కానిది అని అర్థం. మన 'అధర్మం'లో 'అ' చేసే పనినే అక్కడ 'ఉన్' చేస్తుంది. పరాయిదని చెప్పి ఊరుకోదు, దోషమని తీర్పు తీరుస్తుంది. 1933 మే 10న విద్యార్థులు ఈ మాట పేరిటే బెర్లిన్ మొదలైన పట్టణాల్లో పుస్తకాలు తగులబెట్టారు. ఆ సంగతి చాలామందికి తెలిసినదే. ఈ ముద్ర దేవాలయపు గడప ఎలా దాటిందన్నదే మన విచారణ.

మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించినవారి జ్ఞాపకార్థం ఎర్నెస్ట్ బార్లాఖ్ 1927లో గ్యూస్ట్రో కథీడ్రల్‌కు ఒక కంచు దూతను చేశాడు. రెక్కలు లేవు. పైనుండి అడ్డంగా వేలాడుతూ, చేతులు ఎదపై ముడుచుకొని, కళ్లు మూసుకొని ఉంటుంది. ముఖంలో శిల్పి కేథే కోల్‌విట్జ్ పోలికలున్నాయి. అవి తాను ఉద్దేశించి పెట్టినవి కావని బార్లాఖే చెప్పాడు. ఆమె కుమారుడు 1914లో యుద్ధంలో చనిపోయాడు. ఈ శిల్పంలో విజయం లేదు, ఖడ్గం లేదు. రోమా 8లో పౌలు చెప్పిన మూలుగుకు రూపమిస్తే ఇలాగే ఉంటుందేమో! జాతీయవాదులు కోరింది వీరుల స్మారకం. బార్లాఖ్ ఇచ్చింది తల్లి దుఃఖం. 1906 రష్యా యాత్ర తరువాత అతడు మలచిన బరువైన రూపాలను చూపి అతని కళ స్లావుల కళ అన్నారు.

మాగ్డెబుర్గ్ కథీడ్రల్‌లోని అతని యుద్ధ స్మారకాన్ని 1934లో తొలగించారు. తొలగించమని కోరింది సంఘ పెద్దలే. గ్యూస్ట్రో దూతను 1937 ఆగస్టులో దించివేశారు. అక్కడ కూడా సంఘ నాయకత్వం అడ్డుపడలేదు సరికదా, చేయి కలిపింది. 1934లో హిట్లర్‌ను సమర్థించిన కళాకారుల ప్రకటనపై బార్లాఖ్ సంతకం చేసి ఉన్నాడు. ఆ సంతకం అతణ్ణి కాపాడలేదు.

ఎమిల్ నోల్డె సంగతి ఇంకా విచిత్రం. అతడు నాజీ పార్టీ సభ్యుడు, యూదులంటే ద్వేషం గలవాడు. అయినా అతని చిత్రాలు వెయ్యికి పైగా జప్తు చేశారు. తొమ్మిది భాగాల 'క్రీస్తు జీవితం'ను 1937 జూలైలో మ్యూనిక్‌లో ప్రారంభమైన 'భ్రష్ట కళ' ప్రదర్శనలో దైవదూషణగా చూపారు. అంటే ఆ ప్రభుత్వం పవిత్రతకు సంరక్షక వేషం వేసుకొంది! నోల్డె చిత్రాలను చూసి ఒక కాపరి అభ్యంతరపడవచ్చు; అది న్యాయమైన విమర్శే, ఎందుకంటే అది చిత్రాన్ని చూసి మాట్లాడుతుంది. ముద్ర వేసేవాడికి చూడవలసిన పనే లేదు.

ఆ ముద్రను అంగీకరించిన చేయి శిల్పం దగ్గర ఆగలేదు. 1939లో కొన్ని ప్రాంతీయ ప్రొటెస్టెంట్ సంఘాలు ఐసెనాఖ్‌లో, సంఘ జీవితంలోని యూదు ప్రభావాన్ని తుడిచివేయడానికి ఒక పరిశోధన సంస్థను స్థాపించాయి. వాల్టర్ గ్రుండ్‌మన్ వంటి క్రొత్త నిబంధన పండితులు దానికి పనిచేశారు. యూదు సంబంధాలు కోసివేసిన క్రొత్త నిబంధన 1940లో వెలువడింది. తరువాతి కీర్తనల పుస్తకంలో 'హల్లెలూయ'కు కూడా చోటు లేకపోయింది. ఈ పని చేసినది రౌడీ మూకలు కాదు, గ్రీకు చదువుకొన్నవారు. మన వంటి పత్రికలకు వ్యాసాలు వ్రాసేవారు.

గ్యూస్ట్రో దూతను యుద్ధ అవసరాలకు కరిగించారు. బార్లాఖ్ 1938లోనే మరణించాడు. మిగిలిన అచ్చునుండి స్నేహితులు రహస్యంగా మరొక ప్రతి పోయించి ఒక గ్రామంలో దాచారు. అది 1952లో కొలోన్‌లోని ఆంటోనైటర్ దేవాలయానికి చేరింది. దాని నుండి తీసిన ప్రతి 1953లో గ్యూస్ట్రోలో మళ్లీ వేలాడింది, అప్పుడూ కళ్లు మూసుకొనే.