రోగవార్తా ఘట్టము - కరుణరస విచారము

మనుష్యుడు తనకు క్యాన్సరు సోకినదని తొలిసారి వినిన ఘట్టమును తెలుగు కథనము ఎట్లు చిత్రించినది, ఆ చిత్రణము రోగి అనుభవమునకు ఎంతవరకు న్యాయము చేసినది అను విషయమును ఈ వ్యాసమున పరిశీలింపదలచినాము. కథనమనగా ఇచట ముఖ్యముగా చలనచిత్ర కథనమే. గ్రంథములు చదువనివారికి సైతము ఈ వ్యాధిని గూర్చిన భావములను నేర్పినది అదియే.

హైదరాబాదు నగరమున ఈ ప్రశ్న యొక్క రెండు పార్శ్వములును దగ్గరదగ్గరగనే కానవచ్చును. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాను కొలువులోని ఆల్బర్టు ఆబిదు పేర వెలసిన ఆబిడ్సు చిరకాలము సినిమాశాలలకు ప్రసిద్ధికెక్కినది. అచటినుండి నాంపల్లి స్టేషను మీదుగా రెడ్ హిల్సునకు పోయినచో, 1955లో నెలకొన్న ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రి కలదు. దానికి మెహదీ నవాజ్ జంగు పేరు పెట్టిరి. నాంపల్లిలో రైలు దిగి, పరీక్షల కాగితములున్న సంచిని చంక నిడుకొని ఆ ఆసుపత్రికి నడచు జిల్లాల జనులు ఆ దారిన నిత్యము కనబడుదురు. సినిమాశాలకును ఆసుపత్రికిని నడుమ దూరము రెండు మైళ్లకు మించదు. కాని తెరమీది రోగికిని వరండాలోని రోగికిని గల అంతరము విచారింపదగినది.

మొదట పదములను చూతము. ఈ వ్యాధిని మనవారు రాచపుండనియు, పుట్టకురుపనియు వ్యవహరించిరి. లోలోపల వ్యాపించి పైకి పెరుగు చీమలపుట్ట సామ్యము రెండవ పేరున స్పష్టము. ఆయుర్వేద గ్రంథములలో అర్బుదమను మాట కలదు. ఇవన్నియు వ్యాధి ఆకారమును చెప్పు పేర్లే. ఇంగ్లీషు పేరు వచ్చిన పిదప పలుకుటకే జంకు పుట్టి, ఇండ్లలో "ఆ జబ్బు" అను సర్వనామమే మిగిలినది. అమెరికా రచయిత్రి సూసన్ సోంటాగు, తాను ఈ వ్యాధికి చికిత్స పొందిన పిమ్మట, 1978లో ప్రకటించిన గ్రంథమున, వ్యాధిచుట్టు అల్లిన రూపకములు రోగిని మరింత బాధించునని వాదించినది. మన విషయమున రూపకముకన్న మౌనమే ఎక్కువ బాధాకరమని మా అభిప్రాయము.

ఈ మౌనమునకు సాహిత్యరూపము 1981 నాటి 'ప్రేమాభిషేకము'. దాసరి నారాయణరావు దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావు నాయకుడుగా నటించిన ఈ చిత్రమున, నాయకుడు తన క్యాన్సరును ప్రియురాలికి తెలియనీయక, వేశ్యాసక్తుడైనట్లు నటించి ఆమె ద్వేషమును కోరి తెచ్చుకొనును. 1993 నాటి 'మాతృదేవోభవ'లో రక్తపు క్యాన్సరు గల తల్లి తన బిడ్డలను ఒక్కొక్కరినే పరుల ఇండ్ల కప్పగించును. వేటూరి సుందరరామమూర్తికి ఈ చిత్రగీతమునకు జాతీయ పురస్కారము లభించినది. రెండును జనహృదయమున నిలిచిన చిత్రములు. వాని శక్తిని మేము కాదనము. అయినను రెంటను రోగవార్త ఒక ద్వారము మాత్రమే. ఆ ద్వారము దాటగనే రోగి త్యాగమూర్తియగును. అతని భయము, కోపము, నిద్రలేమి, చికిత్సపై ఆశ, కర్చును గూర్చిన లెక్కలు కథలో మరుగున పడును. వార్త వినిన నాడే మరణము నిశ్చయమైపోవును.

భరతుడు నాట్యశాస్త్రమున కరుణమునకును విప్రలంభ శృంగారమునకును భేదము చూపినాడు. రెంటను నిట్టూర్పులు, చింత, కన్నీరు ఉండును. కాని కరుణము నిరపేక్షము, విప్రలంభము సాపేక్షము. అనగా మొదటిదానిలో ఆశ తెగినది, రెండవదానిలో ఆశ మిగిలియున్నది. ఈ భేదము మన విచారమునకు మూలము. రోగనిర్ణయము వినిన మనుష్యుని దుఃఖము సాపేక్షమే. అతడు తన ఆరోగ్యముతో ఎడబాటు పొందినవాడు. మరల కలయుదునేమో యను ఎదురుచూపు అతనికి కలదు. పూర్తిగా నయము కాని రోగికి సైతము నొప్పి తగ్గవలెనను, కూతురు పెండ్లి చూడవలెనను చిన్న ఆశలుండును. అట్టి వానిని కరుణరసమునకు ఆలంబనముగా నిలిపినచో, బ్రతికియున్న వానికొరకు ఏడ్చుట అగును. బంధువులు చూడవచ్చి మంచముచుట్టు చేరి కంటతడి పెట్టునపుడు రోగి పొందు ఇబ్బందికి కారణమిదియే.

మరియొక విశేషము. భరతుడు చెప్పిన ముప్పదిమూడు సంచారి భావములలో వ్యాధియు, మరణమును సైతము చేరియున్నవి. శంక, త్రాసము, విషాదము, అమర్షము, చింత, ధృతి అనునవియు అందున్నవే. ఇవి వచ్చుచు పోవుచుండును. వీనికి నియతమైన వరుస లేదు. ఎలిజబెత్ కుబ్లర్ రాస్ 1969లో వెలువరించిన గ్రంథమున, మరణాసన్నుల మనఃస్థితిని నిరాకరణము, క్రోధము, బేరము, కుంగుబాటు, అంగీకారము అని అయిదు దశలుగా విభజించినది. ఆమె పరిశ్రమ గొప్పది. కాని ఆ దశలను మెట్లుగా గ్రహించి, రోగి ఇంకను కోపమున నున్నాడు గనుక వెనుకబడినాడని ఎంచుట పొరపాటు. ఉదయము ధృతి, మధ్యాహ్నము త్రాసము, రాత్రి మరల ధృతి కలుగుట స్వాభావికము. ఈ చలనమును చెప్పుటకు మన సంచారి భావన ఎక్కువ అనుకూలమని తోచుచున్నది.

ఆ పట్టికలోనే అవహిత్థ కలదు. లజ్జచేతనో, భయముచేతనో, గౌరవముచేతనో లోని భావమును కప్పిపుచ్చుట అవహిత్థ. తెరమీద రోగి ఎరుగును, కుటుంబమెరుగదు. ఇండ్లలో తరచు కుటుంబమెరుగును, రోగి ఎరుగడని అందరు తలంతురు. నిజమునకు ఆసుపత్రి పలకయే అతనికి పేరు చెప్పును. అతడు వారికొరకును, వారు అతనికొరకును నటింతురు. సంచారిగా రావలసిన అవహిత్థ ఇట్లు స్థాయిగా నిలిచిపోవును. ఆవలివారి భయమును పంచుకొనగల మనుష్యులు ఒకే గదిలో ఒంటరులగుదురు.

పురాణమున దీనికి ప్రత్యుదాహరణము పరీక్షిత్తు. ఏడు దినములలో మరణమను వార్త అతనికి దాచబడలేదు. భారత కథలో శమీకముని తన శిష్యుడైన గౌరముఖుని పంపి రాజునకు తెలియజేసెను. రాజు ఒంటిస్తంభపు మేడలో వైద్యులను, మంత్రజ్ఞులను చేర్చుకొని రక్షణ వెదకెను. భాగవత కథలో అతడే గంగాతీరమున శుకుని చెంత కూర్చుండి వినెను. ఒకటి చికిత్సామార్గము, ఒకటి చిత్తశాంతిమార్గము. నేటి రోగికి రెండును వలయును. ఏది ఎంచుకొన్నను వార్త అతనికి తెలిసియుండుటయే మొదటి మెట్టు.

1989 నాటి మణిరత్నము 'గీతాంజలి' ఈ దిశగా ఒక అడుగు వేసినది. అందు మృత్యువార్త నాయికానాయకుల నడుమ కడవరకు దాపరికముగా నిలువలేదు. చిత్రము వారి మరణమును చూపకయే ముగియును. అనగా అపేక్ష నిలిచియున్నది. అయితే అంతకన్న బలమైన ఉదాహరణము కథలో గాక జీవితముననే లభించినది. 'ప్రేమాభిషేకము'లో రోగమును దాచిన నాయకుడుగా నటించిన అక్కినేనివారు 2013 అక్టోబరు 19న హైదరాబాదులో పత్రికలవారిని పిలిచి, తనకు క్యాన్సరు వచ్చినదని తామే ప్రకటించిరి. అప్పటికి వారు వయోవృద్ధులు. 'మనము' చిత్రమున తన పాత్రకు గాత్రదానము ఇంటినుండియే పూర్తిచేసి, 2014 జనవరి 22న మరణించిరి. పొందనిదానికిని, గడచినదానికిని, నష్టమైనదానికిని విచారింపకుండుట ధృతియని శాస్త్రము. ముప్పదిరెండేండ్ల ఎడమున ఒకే నటుడు అవహిత్థను అభినయించి, ధృతిని ఆచరించినాడు.

దీనికి ఆక్షేపణ కలదు. ప్రసిద్ధుడును, వృద్ధుడును, ధనవంతుడును అయిన వానికి సాధ్యమైనది, నలుబదియేండ్ల కూలివానికి సాధ్యమా? దాచు కుటుంబము ప్రేమచేతనే దాచుచున్నది గదా? ఈ ఆక్షేపణ తేలికగా తోసివేయదగినది కాదు. అందరును సభలో ప్రకటింపవలెనని మేము చెప్పుటలేదు. ఎంత చెప్పవలయునో, ఎప్పుడు, ఎవరి నోట వినవలయునో రోగియే నిర్ణయింపవలెను. వినుటకు ఇష్టపడని వాని ఇష్టమును గౌరవింపవలెను. కాని అడుగుటయే మానినచో, ప్రేమ కూడ నిర్బంధమగును. ఉపశమన చికిత్సయందు నేర్పరులైన వైద్యులు రోగి ఇదివరకే ఏమి ఎరుగునో, ఇంకను ఏమి తెలిసికొన గోరునో మొదట అడుగుదురు. రెడ్ హిల్సు ఆసుపత్రిలోను అట్టి చికిత్సా విభాగము కలదు.

విమర్శకులు ఈ కథనములను చూచునపుడు కన్నీటి పరిమాణముతో తృప్తిపడక, రోగికి మాటలాడు హక్కు దక్కినదా అని అడుగవలెను. పరిశోధక విద్యార్థులు రోగుల సమ్మతితో వారి మాటలను సేకరించి, వారు తమ వ్యాధికి, భయమునకు, ఆశకు వాడు పదములను పట్టికలుగా కూర్చుట మేలు. అట్టి పదములు చేతికందిననాడు, ఇంటిలోనివారు రోగితో మాట మొదలిడుటకు ఒక ఆధారము దొరకును.