సిలిండర్ కింద కాటా

ఈ వారం ఒక కాఫీ పొడి ప్యాకెట్ నాకు కోపం తెప్పించింది. పొడికి వంక పెట్టలేను. వాసన బాగుంది, వేయించిన తేదీ వేశారు, చికోరీ కలపలేదని స్పష్టంగా రాశారు. ఆ పక్కనే ఆకుపచ్చ రంగులో ‘కార్బన్ న్యూట్రల్’ అని ముద్ర. ఎంత కార్బన్ వెలువడింది, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా లెక్క కట్టారు, ఎంత తగ్గించారు, మిగిలినదాన్ని దేనితో సరిపెట్టారు అని వెతికితే ఒక్క అంకె లేదు. పర్యావరణం పేరు చెప్పి ఇలాంటి మాట వాడేవాళ్లు ఆధారం చూపాలని, అది కొనేవాళ్లకు అందుబాటులో ఉండాలని 2024 అక్టోబరులోనే కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది. అయినా ముద్ర వేసేవాళ్లు వేస్తూనే ఉన్నారు.

చికోరీ విషయంలో నా పట్టుదల ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త కాదు. ప్యాకెట్ మీద చికోరీ ఎంత శాతమో వేసి తీరాలన్న నిబంధన, మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదన్న నిబంధన కొనేవాడికి దొరికిన గట్టి రక్షణ అని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. అదే పద్ధతి దీనికీ ఉండాలనిపించింది. కిలో పొడికి ఇన్ని గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని తేదీ పక్కన అచ్చు వేయమందాం. అంకె కళ్ల ముందు ఉంటే ఆకుపచ్చ ముద్రతో పనేముంది?

ఆ అంకె ఎలా వస్తుందో తెలుసుకుందామని విశాఖలో ఉన్న మా స్నేహితుడి కొడుక్కి ఫోన్ చేశాను. అరకు వైపు నుంచి పచ్చి గింజలు తెచ్చి, వేయించి, హోటళ్లకూ ఆఫీసులకూ పొడి వేస్తుంటాడు.

“మంచి సమయానికి చేశావు బాబాయ్. ఓ పెద్ద హోటల్ వాళ్లు ఫారం పంపారు. కిలోకి ఎంత కార్బనో రాయమంటున్నారు” అన్నాడు.

షేర్ మార్కెట్లోని మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు తమ ఉద్గారాల వివరాలు వెల్లడించాలని సెబీ నిబంధన పెట్టాక, ఆ ప్రశ్న మెల్లగా వాళ్లకు సరుకు వేసే చిన్నవాళ్ల దాకా వస్తోంది. ఇద్దరం ఫోన్లోనే లెక్కకు కూర్చున్నాం. తన దగ్గర 15 కిలోల డ్రమ్ము యంత్రం ఉంది. నెలకు 19 కిలోల కమర్షియల్ సిలిండర్లు పది దాకా ఖర్చవుతాయి, వేయించిన కాఫీ 1500 కిలోలు దిగుతుంది. కిలో గ్యాస్ కాలితే గాలిలోని ఆక్సిజన్ కలిసి దాదాపు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అంటే నెలకు 570 కిలోలు. మర, ఫ్యాన్లు, లైట్లు అన్నీ కలిపి కరెంటు 400 యూనిట్లు. బొగ్గు ఎక్కువగా కాల్చే మన గ్రిడ్‌లో యూనిట్‌కు 0.7 కిలో చొప్పున మరో 280. మొత్తం 850 కిలోలు. కిలో కాఫీకి అర కిలో పైచిలుకు.

“గ్యాస్ ఎంత పడుతోందో రోజూ రాస్తావా?” అన్నాను.

“సిలిండర్ బిల్లులున్నాయి కదా బాబాయ్. నెలాఖరున చూసుకుంటాను.”

ఆ జవాబు వినగానే తెనాలి గుర్తొచ్చింది. నా చిన్నప్పుడు మా వీధి చివర కాఫీ గింజలు వేయించే కొట్టు ఉండేది. బొగ్గుల పొయ్యి మీద ఇనప డ్రమ్ము, దానికో పిడి, ఆ పిడి తిప్పడానికో కుర్రాడు. యజమాని పక్కనే స్టూలు మీద కూర్చుని గింజల చప్పుడు వినేవాడు. గింజ లోపలి తేమ ఆవిరై, పగిలి, చిటపటలాడే ఆ ఘడియను ఇవాళ వేయించేవాళ్లంతా ఫస్ట్ క్రాక్ అంటారు. ఇంచుమించు 200 డిగ్రీల దగ్గర వస్తుంది. ఆయనకు థర్మామీటరు లేదు. చప్పుడు మొదలవగానే చేత్తో సైగ చేసేవాడు, కుర్రాడు తిప్పుడు వేగం పెంచేవాడు. మరి కాసేపటికి గింజలు జల్లెడలో పడేవి, పొట్టు వీధంతా ఎగిరేది. అమ్మ నన్ను పొడికి పంపితే నేను అవసరానికి మించి అక్కడే నిలబడేవాణ్ణి.

ఆ కొట్టు గోడ మీద సుద్దముక్క గీతలుండేవి. పైవరసలో బొగ్గుల గంపలు, కిందివరసలో దిగిన వాయిలు. గంపకు ఎన్ని వాయిలు వచ్చాయో ఏ పూటకాపూట ఆయనకు తెలియాలి. కొత్త కుర్రాడు చేరిన వారం పైవరస పొడుగయ్యేది. వాన పడి బొగ్గులు తడిసినా గోడ మీద కనిపించేది. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి అప్పటికప్పుడు కాస్త వేయించి ఇవ్వమంటే ఒప్పుకునేవాడు కాదు. “పొద్దున్నే రండి బాబూ, ఒక్క మనిషి కోసం పొయ్యి రాజెయ్యను” అనేవాడు. చల్లారిన డ్రమ్మును మళ్లీ కాచడానికే సగం గంప పోతుందని ఆయన లెక్క. ఆ పొయ్యిని పొగడాలని కాదు నా ఉద్దేశం. బొగ్గుకోసం చెట్లు పడ్డాయి, ఆ పొగంతా కుర్రాడు పీల్చాడు. కానీ ఆ గోడ మీద ఉన్న లెక్క వేయించేవాడి కోసం. మర్నాడు పొద్దున పని మార్చుకోవడానికి పనికొచ్చేది.

నెలాఖరు బిల్లుకు ఆ శక్తి లేదు. ఏ రోజు వృథా అయిందో అది చెప్పదు. 15 కిలోల డ్రమ్ములో 5 కిలోలు వేస్తే కిలోకి పడే గ్యాస్ పెరుగుతుంది. వాయికీ వాయికీ మధ్య యంత్రం ఖాళీగా కాలితే అదంతా చిమ్నీ పాలు. ఆర్డర్లు పోగు చేసి వారంలో కొన్ని రోజులే వేయించడం, డ్రమ్ము చల్లారకుండా వరసగా వాయిలు దింపడం, పొట్టు పేరుకున్న గొట్టాలు శుభ్రం చేయడం వంటి వాటికి పెట్టుబడి అక్కర్లేదు. మావాడికి కరెంటుతో నడిచే రోస్టర్ కొనమని సలహాలు వస్తున్నాయట. జలవిద్యుత్తో నడిచే నార్వేకు ఆ సలహా సరిపోతుంది. ఒక యూనిట్ వేడికి ఎల్పీజీ పావు కిలో లోపే కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తే, మన గ్రిడ్ కరెంటు దానికి మూడింతలు చేస్తుంది. కప్పు మీద సోలార్ పలకలు లేకుండా యంత్రం మారిస్తే పొగ విశాఖ వదిలి బొగ్గు విద్యుత్ కేంద్రానికి పోతుంది, అంతే.

ఇంతవరకూ అంకె నా వైపే ఉంది. తోట దగ్గరికి వెళ్లేసరికి కథ మారింది.

కోస్టారికా కాఫీ మీద 2013లో వచ్చిన ఒక అధ్యయనం తోట నుంచి యూరప్‌లో కప్పు దాకా లెక్క కట్టి, కిలో పచ్చి గింజలకు 4.82 కిలోలు తేల్చింది. అందులో 1.77 కోస్టారికా గడప దాటకముందే. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2020లో బ్రెజిల్, వియత్నాం నుంచి బ్రిటన్ చేరే అరబికాను లెక్కించారు. మామూలు పద్ధతిలో కిలోకి 15.33, రసాయనాలు తగ్గించి, విమానం మాని ఓడలో పంపితే 3.51. వీటి ముందు వేయించడానికయ్యే అర కిలో ఎంత? తోటలో నత్రజని ఎరువు నుంచి నైట్రస్ ఆక్సైడ్ లేస్తుంది. అది కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 270 రెట్లు వేడి పట్టి ఉంచుతుంది. పండ్లు కడిగిన నీళ్లు గుంటల్లో కుళ్లితే మీథేన్. ఇక కప్పు దగ్గర పాలు. కిలో పొడితో వంద కప్పులు, కప్పుకు వంద మిల్లీలీటర్లు అనుకుంటే 10 లీటర్ల పాలు. లీటరు పాల వెనక కిలోకి పైనే కార్బన్ ఉంటుంది. ఆ ప్యాకెట్ మన వంటింట్లో ఖాళీ అయ్యేలోగా వేయించినవాడి వాటాకు ఎన్నో రెట్లు మనమే కలుపుతాం.

ఇప్పుడు ప్యాకెట్ మీద ఏ అంకె వేయమనాలి? 0.57 వేసినవాడు తన షెడ్డు గోడల దాకే లెక్క కట్టాడు. 5 వేసినవాడు తోట కలిపాడు. నిజాయితీ ఎక్కువున్నవాడి అంకె పెద్దదవుతుంది, కొనేవాడు చిన్న అంకె చూసి చేయి చాస్తాడు. పైగా ఆ తోట అంకె చాలాసార్లు ఎక్కడో బ్రెజిల్ సగటు. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగల మధ్య, రసాయన ఎరువు పెద్దగా ఎరగని అరకు గిరిజన రైతు చెట్టుకు ఆ సగటు అంటగట్టడం అన్యాయం. ప్యాకెట్‌లోని చికోరీని ల్యాబ్‌లో పట్టుకోవచ్చు. కార్బన్‌ను పట్టుకోలేం, అది ప్యాకెట్‌లో లేదు.

అందుకే అంకెను ప్యాకెట్ మీద వేయమనే మాట వదిలేస్తున్నాను. లెక్క మాత్రం వదలకూడదు. తెనాలి గోడ మీదలాగా అది రోస్టర్ పక్కనే ఉండాలి, వాయి వాయికీ రాయాలి. ఆ లెక్క ఎంత దూరం చూపిస్తుందో ఒక్క ఉదాహరణ చాలు. 15 కిలోల వాయి ఒకటి మాడి పారబోస్తే, కోస్టారికా అంకె ప్రకారమే 26 కిలోలకు పైగా తోట కార్బన్ మట్టిలో కలిసినట్టు. అది అయిదారు వాయిల గ్యాస్‌తో సమానం. గ్యాస్ పొదుపు కోసం మంట తగ్గించి గింజ పాడుచేసుకునేవాడు ఈ రెండో లెక్క కూడా చూసుకోవాలి.

మావాడు సిలిండర్ కింద కాటా పెడతానన్నాడు. హోటల్ ఫారంలో షెడ్డు లెక్క వేరుగా, తోట లెక్క వేరుగా రాసి, రెండోది అంచనా అని చెప్పమన్నాను. ఉద్గారాలకు బదులు సర్టిఫికెట్లు అమ్మే ఏజెన్సీ ఒకటి వాడికి కొటేషన్ ఇచ్చిందట. ఆ డబ్బు తను గింజలు కొనే ఊళ్లోనే ఖర్చుపెట్టమని గట్టిగా చెప్పాను. అక్కడ బేబీ పల్పర్లతో పండ్లు ఒలిచి తొక్క ఒక మూల గుట్ట పోస్తారు. దాన్ని గాలి ఆడేలా తిరగేసి కంపోస్టు చేస్తే మీథేన్ తగ్గుతుంది, ఎరువు ఆ చెట్లకే వెళ్తుంది. రైతులు ఏమంటారో అడగందే ఏమీ చెప్పలేనన్నాడు, అది సరైన మాటే. జనవరిలో కోతలు సాగుతుండగా వెళ్దామన్నాడు. నేనూ వస్తానన్నాను.