కోలారు వీరగల్లులు: బొమ్మను, పద్యాన్ని చదివే తీరు

అలంకారం పేరు చెప్పగానే పద్యం అర్థమైపోయిందనుకోవడం, బొమ్మలో ఏమేమి ఉన్నాయో లెక్క చెప్పగానే బొమ్మను చూశామనుకోవడం విద్యార్థులలో తరచు కనిపించే అలవాటు. "ఇందులో ఉపమ ఉంది" అన్నది గుర్తింపే గాని విమర్శ కాదు. ఆ ఉపమ లేకపోతే పద్యం ఏం కోల్పోయేది? అది ఉండటం వల్ల ఏ విషయం మరుగున పడింది? ఇలా అడిగినప్పుడే విమర్శ మొదలవుతుంది. ఈ రెండు ప్రశ్నలనూ పద్యానికీ బొమ్మకూ సమానంగా వేయవచ్చునని కోలారు సీమ వీరగల్లుల ఆధారంగా చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. వీరగల్లునే ఎన్నుకోవడానికి కారణం ఉంది. అందులో తరచు బొమ్మ, మాట ఒకే రాతిమీద ఉంటాయి.

కోలారు పూర్వనామం కువలాలం. గంగరాజుల తొలినాటి రాజధాని అది. బాణులు, వైదుంబులు, నొళంబులు, చోళులు ఈ సీమ కోసం పెనగులాడారు. నొళంబుల కాలపు గుడులు ముళబాగిలు దగ్గరి ఆవనిలో నేటికీ ఉన్నాయి. సరిహద్దు సీమ కావడం వల్ల పశువుల మందల కోసం, ఊళ్ల కోసం పోరాటాలు జరిగేవి. పోరాడి చచ్చినవాని పేర రాయి నిలిపేవారు. బి. ఎల్. రైస్ 1905లో ప్రకటించిన 'ఎపిగ్రాఫియా కర్ణాటికా' పదవ సంపుటం కోలారు జిల్లా శాసనాలకే కేటాయించినది. 2007లో చిక్కబళ్లాపుర జిల్లాగా విడిపోయిన తాలూకాల శాసనాలు కూడా అందులోనే ఉన్నాయి. కన్నడం, తమిళం, తెలుగు మూడూ అక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి.

వీరగల్లులో బొమ్మ అమరికను ముందుగా పరిశీలిద్దాం. పూర్తి రూపంలో ఉన్న రాయిలో సాధారణంగా మూడు అంతస్తులు ఉంటాయి. కింది అంతస్తులో యుద్ధం. నడిమి అంతస్తులో వీరుణ్ణి ఇరువైపులా పట్టుకొని పైకి తీసుకుపోతున్న అప్సరసలు. పై అంతస్తులో శివలింగం, దాని ఎదుట వీరుడు. అన్నిటికంటె పైన సూర్యచంద్రులు. అంటే ఈ బొమ్మను కిందినుంచి పైకి చదవాలి.

కామసూత్రాలకు వ్యాఖ్య రాసిన యశోధరుడు చిత్రానికి ఆరు అంగాలు చెప్పాడు. రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజనం, సాదృశ్యం, వర్ణికాభంగం అన్నవి అవి. వీటిలో వీరగల్లుకు ఎక్కువగా పనికివచ్చేది ప్రమాణం. చాలా రాళ్లలో వీరుడు నిలువెత్తుగా ఉంటాడు, శత్రువులు అతని మోకాళ్ల దగ్గర చిన్నగా ఉంటారు. ఇది శిల్పి చేతగానితనం కాదు. కవి అతిశయోక్తితో సాధించేదాన్ని శిల్పి కొలతతో సాధించాడు. అలాగని దీన్ని ఊరికే "అతిశయోక్తి" అని వదిలేయరాదు. ఇక్కడ పెద్దవాడైనది చక్రవర్తి కాకపోవచ్చు. తన ఊరి పశువులకు అడ్డం నిలిచిన సామాన్యుడూ కావచ్చు. ఆ ఒక్కనాటి పని అతన్ని పెద్దవాణ్ణి చేసిందని రాయి చెబుతోంది.

ఇక శాసనవాక్యం. ఇది చాలావరకు స్వభావోక్తి. ఏ రాజు ఏలుబడిలో, ఏ ఊరిలో, ఎవని కొడుకు, పశువులను మరల్చి, పొడిచి, చచ్చాడు అన్నంతే. అసమాపక క్రియలు ఒకదానివెంట ఒకటి వచ్చి మరణం దగ్గర సమాపక క్రియగా ఆగుతాయి. ఆ తర్వాత, ఉంటే, వీరుని కుటుంబానికి ఇచ్చిన భూమి ప్రస్తావన. కన్నడంలో దీనికి నెత్తరుగొడగె అని పేరు. నెత్తురుకు బదులుగా ఇచ్చిన మాన్యం అని అర్థం.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. వాక్యం చావు దగ్గర ఆగి భూమివైపు తిరుగుతుంది. బొమ్మ చావు దగ్గర మొదలై కైలాసానికి పోతుంది. వాక్యానికి బతికినవాళ్ల సంగతి కావాలి, బొమ్మకు పోయినవాని సంగతి కావాలి. రెండూ కలిసే చోటు సూర్యచంద్రులు. దానశాసనాలలో "ఆచంద్రార్కం" అన్న మాట ఏ పని చేస్తుందో, రాతి కొసన చెక్కిన ఆ రెండు గుర్తులూ అదే పని చేస్తాయి. కీర్తీ మాన్యమూ శాశ్వతం కావాలన్న కోరికను మాట, బొమ్మ ఒక్కసారే పలుకుతాయి.

బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలోని బేగూరు శిలను చూసిన విద్యార్థులకు ఈ విషయం సులభంగా బోధపడుతుంది. సుమారు క్రీ.శ. 900 నాటి ఆ రాయిమీది బొమ్మ ఏనుగులు, గుర్రాలతో కిక్కిరిసిన యుద్ధరంగం. శాసనం మాత్రం నొళంబ వీరమహేంద్రునితో జరిగిన పోరులో నాగత్తరుడు పడిపోయిన సంగతి చెప్పి, గంగరాజు ఎఱెయప్ప ఇరుగనికి ఆ పదవిని, ఊళ్లను ఇచ్చిన విషయానికి పోతుంది. బొమ్మలో పోరు, మాటలో పాలన. ఏ ఒక్కటి చదివినా సగమే చదివినట్లు.

పద్యం చేయగలది, రాయి చేయలేనిది ఏమిటో కూడా గమనించాలి. జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ 1766లో ప్రకటించిన 'లావోకోన్'లో కవిత్వం కాలంలో నడుస్తుందని, చిత్రశిల్పాలు స్థలంలో నిలుస్తాయని వాదించాడు. మన వీరగల్లు ఈ సూత్రానికి లొంగదు. ఒకే మనిషిని మూడు కాలాలలో ఒకే రాతిపై చూపుతుంది. అయితే లెస్సింగ్ మాటలో మరో నిజం ఉంది. తిక్కన విరాటపర్వంలో ఉత్తరగోగ్రహణాన్ని గుర్తుచేసుకోండి. అదీ పశువుల కోసం జరిగిన పోరే. కాని అక్కడ ఉత్తరుడు కౌరవసేనను చూసి జంకుతాడు, రథం దిగి పరుగెత్తుతాడు, అర్జునుడు పట్టి తెస్తాడు. ధైర్యానికి ముందున్న భయాన్ని పద్యం చెప్పగలదు. వీరగల్లు మీది మనిషి ఎప్పుడూ భయపడినట్టు కనబడడు.

ఈ పద్ధతి పాత రాళ్లకే పరిమితం కాదు. కోలారు బంగారు గనులలో 1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టింది. 2001లో గనులు మూతపడేనాటికి సుమారు 800 టన్నుల బంగారం బయటికి పోయింది. మూడు కోట్ల టన్నులకు పైగా రాతిపొడి అక్కడే దిబ్బలుగా మిగిలింది. జనం వాటిని సైనైడ్ దిబ్బలంటారు. దూరంనుంచి అవి కొండల్లా ఉంటాయి. ఇది సాదృశ్యం. అక్కడే ఆగితే అందమైన దృశ్యం మాత్రమే మిగులుతుంది. అవి మనుషులు మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి తవ్వి తెచ్చిన రాయి అని తెలిసినప్పుడు, కార్యాన్ని చూసి కారణాన్ని గ్రహించే లక్షణ పనిచేస్తుంది. ఆ లోతు, ఆ చీకటి, పగిలి మీదపడే రాయి ధ్వనిస్తాయి.

2018లో, 2022లో రెండు భాగాలుగా వచ్చి, తెలుగులోకి కూడా అనువాదమైన 'కె.జి.ఎఫ్' చిత్రం నరాచి అనే కల్పిత గనిని సృష్టించింది. అందులోనూ ప్రమాణమే ప్రధాన సాధనం. కథానాయకుడు తెరనిండా పెరుగుతాడు. అయితే వీరగల్లులో చిన్నవారైనది శత్రువులు. ఈ చిత్రంలో చిన్నవారైనది కూలీలు. వారు ఎక్కువగా గుంపుగానే కనబడతారు. కల్పన కల్పనగా ఉండవచ్చు. కాని ఊరికి ఆ కల్పనే చిరునామా అయినప్పుడు, తాతతండ్రులు గనిలో దిగిన ఇంటి పిల్లలు తమ ఊరిని పరాయి బొమ్మలో వెతుక్కోవలసి వస్తుంది. వీరగల్లు ఒక సామాన్యునికి పేరు, ఊరు, తండ్రి పేరు ఇచ్చింది. ఈ చిత్రంలో గుంపుకు ఆ మూడూ దొరకవు. ఈ తేడాను చూపగలిగితే ప్రమాణం అన్న శాస్త్రపదం సార్థకమైనట్లు.

కోలారు సీమ విద్యార్థికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. ఇంట తెలుగు, బడిలో కన్నడం నేర్చిన కంటికి ఆ రెంటి ఉమ్మడి లిపిలోని పాత అక్షరాలు మరీ పరాయివి కావు. అనేక గ్రామాలలో వీరగల్లులు చెరువు గట్ల మీద, గుడి వాకిళ్లలో ఉన్నాయి. కొన్ని పసుపు కుంకుమలతో పూజలు అందుకుంటున్నాయి, కొన్ని సగం మట్టిలో ఉన్నాయి. ఒక్క రాతిని ఎన్నుకొని మూడు వరుసలు రాయండి. బొమ్మ మాత్రమే చెప్పేది, మాట మాత్రమే చెప్పేది, రెండూ చెప్పనిది. మూడవ వరుసలో తరచు మిగిలేది వీరుని భార్య. మహాసతికల్లు ఉన్న చోట గాజుల చేయి ఒకటి చెక్కి ఉంటుంది. అది లేని చోట ఆమె జాడ లేదు. ఆ మూడవ వరుస నింపడమే విమర్శకుని అసలు పని అని మా అభిప్రాయం.