సైటు మీది, పేరెవరిది?

"మంచి వెబ్ డిజైనర్ ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. పేపర్లో రాసేవాడికి కంప్యూటర్ సంగతులన్నీ తెలిసే ఉంటాయని మనవైపు ఓ నమ్మకం. పేర్లు చెప్పడం నా వల్ల కాదు గానీ, వాళ్ళ మాటల్లో ఒకటి గమనించాను. రంగుల గురించి చెబుతారు, బొమ్మలు కదలాలంటారు, "ఫలానావాళ్ళ సైటులా రిచ్‌గా ఉండాలండీ" అంటారు. కొనేవాడి ఊసు రాదు. సగంమంది అప్పటికే మనసులో ఎవరో ఒకర్ని ఖాయం చేసుకుని వస్తారు కూడా. "ఆయ్, మా మేనల్లుడు ఇంజనీరింగ్ చదువుతున్నాడండీ, వాడు చేసేస్తానంటున్నాడు."

మేనల్లుడైనా, విశాఖ కంపెనీ అయినా, ముందు వాడు ఏమడుగుతున్నాడో చూడమంటాను. ఆత్రేయపురం పూతరేకుల దుకాణం సంగతే తీసుకోండి. ఆ రేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించి వేడెక్కించిన కుండ మీద, బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డ పరిచి తీస్తే క్షణంలో రేకు లేచే తీరు వీడియోల్లో అందరూ చూసేశారు. ఆర్డరు పెట్టే హైదరాబాద్ ఇల్లాలికి కావలసిన సంగతులు వేరు. బెల్లమా పంచదారా, నెయ్యి ఎలాంటిది, ఎన్నాళ్ళు నిలవుంటాయి, కొరియర్‌లో నుజ్జు కాకుండా చేరతాయా, పెళ్ళికి ఐదొందలు కావాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి? ఈ ప్రశ్నలు దుకాణదారుకి ఫోన్లో రోజూ వచ్చేవే. "మీకు ఫోన్ చేసేవాళ్ళు ముందు ఏమడుగుతారండీ?" అని మొదటిరోజే అడిగిన కుర్రాడికి సగం పని తెలిసినట్టే. అదేమీ అడక్కుండా మూడు ప్యాకేజీల రేట్ల కాగితం చేతిలో పెట్టేవాడు, అదే కాగితాన్ని నిన్న ఫర్నిచర్ షాపుకీ మొన్న పళ్ళ డాక్టరుకీ ఇచ్చి ఉంటాడు.

కడియం నర్సరీల లెక్క ఇంకోరకం. కడియపులంక, వేమగిరి దారిలో లోడవుతున్న లారీల నంబరు ప్లేట్లు చూస్తే చాలు, కొనేవాళ్ళలో చాలామందికి తెలుగు రాదని తెలుస్తుంది. టోకున కొనేవాడు గులాబీ అందం చూసి మురిసిపోడు. మొక్క ఎన్ని అడుగులుంది, కవరు సైజెంత, ఎన్ని వేలు సిద్ధంగా ఉన్నాయి, లోడింగ్ కూలి ఎవరిది అని చూస్తాడు. పైగా ఈ రేట్లు సీజన్ని బట్టి మారిపోతుంటాయి. రేటు మార్చడానికి ప్రతిసారీ డిజైనర్ కాళ్ళావేళ్ళా పడాలా, మనమే ఫోన్లోంచి మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చంటే మాటతో సరిపెట్టుకోకండి. ఎదురుగా కూర్చుని ఒక మొక్క ధర మీ చేత్తో మార్చి చూడండి.

తెలుగులో సైటు కావాలనుకునేవాళ్ళు ఇంకొకటి చూడాలి. మన డీటీపీ సెంటర్లలో కరపత్రాలు చాలావరకు 'అను' ఫాంట్లలో తయారవుతాయి. ఆ కరపత్రాన్నే బొమ్మగా మార్చి సైటులో అతికించేవాళ్ళున్నారు. చూడ్డానికి తెలుగే గానీ, గూగుల్‌లో ఎవరైనా తెలుగులో వెతికితే దొరికేది అనుమానం. అందుకని ఆ కుర్రాడు ఇంతకుముందు చేసిన సైటు తెరిచి, అందులో ఒక తెలుగు మాటను వేలితో పట్టి కాపీ చేసి వాట్సాప్‌లో వేయండి. తెలుగు తెలుగులాగే పడితే అది యూనికోడ్ అన్నమాట, వెతికితే దొరికే రకం. ఫాంట్లకు ఖర్చనే వంక చెల్లదు. మండలి, రామభద్ర, సురవరం లాంటివి ఉచితంగానే దొరుకుతున్నాయి. గిడుగు పేరుతోనూ ఒకటుంది. ఒడిశా ఏర్పడ్డ 1936లో పర్లాకిమిడి వదిలి మన రాజమండ్రి వచ్చేసిన రామమూర్తిగారి పేరది.

ఇక అసలు తగాదాకి వద్దాం. సైటు చిరునామా, అంటే డొమైన్, ఒకసారి కొనేస్తే మనదైపోయేది కాదు. ఏడాదికింతని కట్టి నిలుపుకోవాలి, ఒకేసారి పదేళ్ళకు మించి కట్టించుకోరు. కుర్రాడు తన ఈమెయిల్‌తో, తన ఫోన్ నంబరుతో రిజిస్టర్ చేసేస్తాడు. దురుద్దేశం ఉండి కాదు, ఆ పూట అదే సులువు. రెండేళ్ళకి వాడికి బెంగళూరులో ఉద్యోగం వస్తుంది, ఆ పాత మెయిల్ తెరవడు. గడువు అయిపోతోందన్న నోటీసులన్నీ అక్కడికే పోతాయి. గడువు దాటాక కొన్ని వారాలు ఆగి, ఆ పేరును ఎవరికైనా ఇచ్చేస్తారు. అలా వదిలేసిన పేర్ల కోసం కాచుక్కూర్చునేవాళ్ళుంటారు, కొని జూదం ప్రకటనలు పెడతారు. మీ స్వీటు డబ్బాల మీద మాత్రం ఆ చిరునామా ఇంకా అచ్చవుతూనే ఉంటుంది. ఇల్లు కట్టాడు కదాని మేస్త్రి పేరున స్థలం రిజిస్టర్ చేయిస్తామా?

పని ఒకరిదీ పేరొకరిదీ కావడం మన డెల్టాకి కొత్త కాదు. నరసాపురం లేసు మీద మరియా మీస్ అనే పరిశోధకురాలు రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజంతా కొక్కెంతో లేసు అల్లిన ఆడవాళ్ళు లెక్కల్లో ఉత్త గృహిణులుగా మిగిలిపోయారని, పేరూ లాభమూ వ్యాపారులకు, ఎగుమతిదారులకు పోయాయని ఆవిడ చూపించింది. ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది 2024లో. లేసు అమ్మే సైటులో ఎక్కణ్ణించో దించిన విదేశీ లేసు ఫొటోలు పెడితే ఒప్పుకోకండి. అల్లినవాళ్ళ చేతులే ఫొటో తీయించండి, ఆ ఫొటోలు కూడా మీ దగ్గరే ఉంచుకోండి.

కాబట్టి బేరం కుదరకముందే ఒక కాగితం మీద రాయించుకోవాలి. డొమైన్, హోస్టింగ్ మీ పేరున, మీ మెయిల్‌తో ఉండాలి. ఓటీపీ మీ ఫోన్‌కే రావాలి. రెండో ఏడాది నుంచి సైటు చూసుకున్నందుకు ఎంతో కూడా అందులోనే రాయాలి. ఇందుకు నాలుగు వేలు ఎక్కువడిగినా ఇచ్చేయండి, గీచి గీచి బేరమాడితే చివరికి డెమో సైటే మిగులుతుంది. ఇప్పటికే మేనల్లుడి చేతిలో పెట్టేసినవాళ్ళు, "పాస్‌వర్డ్ అడిగితే ఏమనుకుంటాడోనండీ" అని మొహమాటపడుతున్నారు. మీరు అడగొద్దు. మీ అక్కగారి చేత అడిగించండి. తల్లి అడిగితే ఇవ్వక ఎక్కడికి పోతాడు?